ఊడేది వేరు, తెగేది వేరు

(తిరుపతిలో ఒక మహిళా కళాశాల హాస్టల్లో అమ్మాయిలకు, వాళ్ళ తల్లులకు ఒక బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడిన అమ్మలు లోపలికి రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. దగ్గరగా కూర్చుంటేనే నేను చూపించేవి మీకు కనిపిస్తాయి.

నిన్న వార్డెన్ మేడంతో ఒక మాట చెప్పించాను. పొద్దున తల దువ్వుకున్నాక దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు పారేయకుండా కాగితంలో చుట్టి తెమ్మన్నాను. తెచ్చారా? తెచ్చినవాళ్ళు విప్పండి. ఒళ్ళో తెల్ల కాగితం పరుచుకుని దాని మీద వెయ్యండి. తేనివాళ్ళు పక్కవాళ్ళవి చూడండి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఇక్కడున్న అందరి దువ్వెనల్లోనూ వెంట్రుకలు ఉంటాయి.

ఇప్పుడు ఒక్క వెంట్రుక తీసుకోండి. ఒక్కటే. రెండు కొసలూ వెలుతురులో పెట్టి చూడండి. ఒక కొసన తెల్లగా, సూదిమొన అంత చిన్న బుడిపె ఏమైనా ఉందా? ఉంటే అది కుదుళ్ళ నుంచి ఊడిన వెంట్రుక. దాని కాలం తీరింది, రాలింది. అది మామూలే. రోజుకి 50 నుంచి 100 దాకా ఎవరికైనా రాలతాయి. తలమీద సుమారు లక్ష ఉంటాయి కాబట్టి మనకి తెలియదు.

మరి బుడిపె లేదనుకోండి? రెండు కొసలూ మొండిగా ఉన్నాయనుకోండి? పైగా అది రెండంగుళాలో మూడంగుళాలో ఉండి, మీ జడేమో నడుము దాకా ఉందనుకోండి? అది ఊడలేదమ్మా. తెగింది. మధ్యలో తెగింది.

ఈ తేడా తెలుసుకోవాలనే ఈరోజు ఇంత దూరం వచ్చాను. నా దగ్గరికి వచ్చే పదిమందిలో చాలామంది ఒకటే మాట అంటారు, "మేడం, మా పాపకి జుట్టు ఊడిపోతా ఉండాది" అని. కాగితం మీద వేసి చూపిస్తే సగానికి పైన తెగిన ముక్కలే. ఊడేదానికి కారణం ఒంట్లో వెతకాలి. తెగేదానికి కారణం మన చేతుల్లో వెతకాలి. మందులు, మాత్రలు, నూనెలు అని వేలకు వేలు ఖర్చుపెడతారు. తెగేది చేతుల్లో అయితే మాత్ర ఏం చేస్తుంది? చెప్పండి.

ఇక్కడ ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. గరుగ్గా, పొడిగా, ముట్టుకుంటే పీచులాగా ఉంటుంది అనుకునేవాళ్ళు? చూశారా, ఇంకా ఎక్కువ చేతులు లేచాయి. దించండి. ఈరోజు మాట్లాడేది మీ కోసం.

నాది కూడా అదే జుట్టు. మా ఊరు చిత్తూరు పక్కన పల్లె. బస్సు ఏడున్నరకి. ఏడింటికి మా అమ్మ గడప మీద కూర్చోబెట్టి జడ వేసేది. ఆమె చేతిలో సన్నపళ్ళ దువ్వెన. నడినెత్తిన పెట్టి ఒక్క లాగు కిందికి లాగేది. చిక్కు దగ్గర ఆగుతుంది కదా, ఇంకా గట్టిగా లాగేది. అప్పుడు ఒక చప్పుడు వచ్చేది. టప్ టప్ టప్ అని. మీరు కూడా విన్నారు కదా ఆ చప్పుడు? చిక్కు వదులుతోంది అనుకునేవాళ్ళం. చిక్కు వదిలే చప్పుడు కాదమ్మా అది, వెంట్రుకలు తెగే చప్పుడు. అవ్వ పక్కన కూర్చుని "ఏమే, ఇది జుట్టా కొబ్బరి పీచా, ఎవరి పోలికే ఇది" అనేది. ఆమెకి నా మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ మాట నాకు ఇరవై ఏళ్ళు లోపల ఉండిపోయింది. బడిలో, కాలేజీలో, పెళ్ళిచూపుల్లో నేను తల ముట్టుకుంటూనే ఉన్నాను, పైకి లేచిన వెంట్రుకలు అణచుకుంటూ.

ఇక్కడున్న అమ్మలకి ఒక మాట. పిల్లల జుట్టుని పీచు అనకండి. చింపిరి అనకండి. దయచేసి అనకండి. జుట్టు మారదు ఆ మాటకి. పిల్ల మారిపోతుంది.

సరే, అసలు ఈ జుట్టు ఎందుకు తెగుతుంది? నేను చదివింది కెమిస్ట్రీ, చేసేది పార్లర్. రెండూ కలిపి చెప్తాను.

చేతిలో ఉన్న వెంట్రుకనే మళ్ళీ తీసుకోండి. పొడుగుది ఉంటే మంచిది. వేళ్ళ మధ్య పెట్టి కుదురు నుంచి కొసకి నిమరండి. నున్నగా పోతుంది. ఇప్పుడు కొస నుంచి కుదురుకి నిమరండి. కొంచెం పట్టినట్టు లేదా? ఉంది కదా? చేపని తోక నుంచి తలకి నిమిరితే ఎలా ఉంటుంది, అట్లా. వెంట్రుక పైన కూడా పొలుసులే ఉంటాయి, ఒకదాని మీద ఒకటి, కొసవైపుకి వాలి. కంటికి కనిపించనంత సన్నవి. ఆ పొలుసుల మీద సన్నని కొవ్వు పూత ఉంటుంది. లోపలంతా కెరాటిన్ అనే ప్రొటీను, పోగులు పోగులుగా, తాడు పేనినట్టు ఉంటుంది. బలమంతా ఆ లోపలి తాడుదే. పొలుసులు దాన్ని కాపాడే కవచం. పొలుసు లేచిపోయిన చోట తాడు బయటపడుతుంది, పోగులు విడిపోతాయి, చివరికి తెగుతుంది.

తిన్నని జుట్టు వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది. ఉంగరాల జుట్టుది నొక్కినట్టు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అందుకే వంకర తిరుగుతుంది. ఒక ఇనుప తీగని ఒకేచోట ఇటు వంచి అటు వంచి చూడండి. ఎక్కడ తెగుతుంది? వంచిన చోటే. మన వెంట్రుకకి ప్రతి ఉంగరమూ ఒక వంపు. దువ్వెన లాగినప్పుడల్లా భారమంతా ఆ వంపు మీదే పడుతుంది.

ఇంకోటి. మాడు మీద మనకి సొంత నూనె ఊరుతుంది. తిన్నని జుట్టు మీద అది జారుకుంటూ కిందికి దిగుతుంది. మన జుట్టు మీద మొదటి మలుపులోనే ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డు, కొసలు ఎండుగడ్డి. "మేడం, నా తల జిడ్డుగా ఉంటుంది, జుట్టు పొడిగా ఉంటుంది, ఇదేం విచిత్రం" అంటారు. విచిత్రం ఏమీ లేదు, దారి వంకరగా ఉంది, అంతే.

ఇప్పుడు చిన్న లెక్క చెయ్యండి. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ జడ రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు. కొసన ఉన్న ముక్క వయసెంత? అయిదేళ్ళు! మీరు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పుట్టిన వెంట్రుక అది. వారానికి రెండుసార్లు తలస్నానం అంటే అది 500 స్నానాలు చూసింది. రోజూ దువ్వితే 1800 సార్లు దువ్వెన దాని మీదుగా పోయింది. తిరుపతి ఎండలు అయిదు వేసవులు కాసింది. అయిదేళ్ళు రోజూ కట్టిన చీర ఎలా ఉంటుంది? ఆ చీరని మీరు బండకేసి బాదుతారా? చేత్తో మెల్లగా ఉతుక్కుంటారు. కొసల్ని అట్లా చూసుకోవాలి. అవి ముసలివి.

ఈ సంగతులు నాకు పార్లర్ కోర్సులో ఎవరూ చెప్పలేదు. అక్కడ నేర్పింది ఒకటే, ఉంగరాల జుట్టు వస్తే స్ట్రెయిట్ చేసి పంపడం. మా అక్క కూతురు అమెరికాలో చదువుకునేటప్పుడు ఆమె గదిలో ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి తల దువ్వుకునే తీరు చూసి మావాళ్ళమ్మాయి నాకు ఫోన్లో వీడియో చూపించింది. "పిన్నీ, చూడు, ఈమె జుట్టు మనకంటే పదింతలు ఉంగరాలు, ఒక్క వెంట్రుక తెగడం లేదు" అని. ఎన్నిసార్లు చూశానో ఆ వీడియో!

నల్లజాతివాళ్ళ జుట్టుని చూసి అక్కడ జనం తరతరాలుగా ఎంత చులకన చేశారో మీకు తెలుసా? ఉద్యోగం రావాలన్నా, బడిలో కూర్చోనివ్వాలన్నా జుట్టు సాపుగా ఉండాలి అనేవాళ్ళు. దాని కోసం ఘాటైన క్షారాలు తలకి పూసుకుని మాడు కాల్చుకున్న ఆడవాళ్ళు లెక్కలేనంతమంది. మేడం సి.జె. వాకర్ అని ఒక ఆవిడ, 1867లో పుట్టింది, ఆమె తల్లిదండ్రులు బానిసత్వంలో బతికినవాళ్ళు. తన జుట్టు రాలిపోతుంటే మాడు శుభ్రంగా ఉంచుకోవడం మీద దృష్టిపెట్టి, సొంతంగా లేపనాలు చేసి అమ్మి, వేలమంది ఆడవాళ్ళకి పని నేర్పింది. ఇక 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టమే చేసింది, క్రౌన్ చట్టం అంటారు. పుట్టుకతో వచ్చిన జుట్టు తీరు చూసి బడిలో గానీ పనిలో గానీ ఎవరినీ తక్కువగా చూడకూడదని. జుట్టు కోసం చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది చూడండి. అంత అవమానం పడినవాళ్ళే ఈ జుట్టుని తెగకుండా కాపాడే పద్ధతులు ఒక్కొక్కటిగా కనిపెట్టుకున్నారు. నేను మీకు ఈరోజు చూపించే దువ్వడం వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఆ రుణం చెప్పుకోకుండా చూపించడం నాకు ఇష్టం లేదు.

ఆకుపచ్చ చుడీదార్ అమ్మాయీ, నువ్వు రామ్మా ఇట్లా. ఎందుకు నిన్ను పిలిచానంటే నీ జుట్టు నా జుట్టే. కూర్చో. జడ విప్పుతున్నాను. మీరంతా చూడండి, ఇక్కడ, ఈ పాయలో. నల్ల వెంట్రుక మీద తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయా? ముందు వరసవాళ్ళు లేచి చూడండి. చుండ్రు అనుకుంటారు. చుండ్రు అయితే దులిపితే రాలుతుంది. ఇది రాలదు. ఇది వెంట్రుకలోనే ఉంది. పొలుసులు పోయి లోపలి పోగులు చీపురు పుల్లల్లాగా విచ్చుకున్న చోటు అది. రెండు చీపుర్లు ఒకదాంట్లో ఒకటి గుచ్చినట్టు ఉంటుంది పెద్దది చేసి చూస్తే. కొంచెం లాగుతాను... చూశారా, సరిగ్గా ఆ చుక్క దగ్గరే తెగింది.

నొప్పి లేదు కదమ్మా? లేదు. వెంట్రుకకి ప్రాణం లేదు, అందుకే నొప్పి లేదు. ప్రాణం లేదు కాబట్టే తెగింది మళ్ళీ అతుక్కోదు కూడా. కొసలు చిట్లితే అతికిస్తాం అని సీసాల మీద రాస్తారు. అది తాత్కాలికంగా జిగురు పెట్టడమే, మళ్ళీ స్నానం చేస్తే పోతుంది. చిట్లిన కొసని కత్తిరించాలి. మూడు నెలలకి ఒకసారి అర అంగుళం. కత్తిరిస్తే జుట్టు తొందరగా పెరుగుతుందని కాదు, పెరిగేది కుదుళ్ళ దగ్గర. కత్తిరించకపోతే ఆ చీలిక పైకి పాకుతుంది, అందుకు.

ఇప్పుడు తడుపుతున్నాను. తిన్నని జుట్టు అయితే ఆరినాక దువ్వుకోవడం మేలు, ఎందుకంటే తడి వెంట్రుక బలహీనం, సాగుతుంది. మరి ఉంగరాల జుట్టుకి? దీన్ని పొడిగా దువ్వితే ఒక ఉంగరం ఇంకో ఉంగరాన్ని పట్టుకుని వదలదు. అందుకే కొంచెం తడి, దాని మీద జారుడు ఉండాలి. జారుడు అంటే కండిషనర్. లేదంటే రాత్రి నానేసిన మెంతుల జిగురు, లేదంటే మందారాకు నలిపిన జిగురు. గుడ్డలో వడగట్టాలి, లేకపోతే పిప్పి ఇరుక్కుని ఇంకో చిక్కు పడుతుంది. ఆ జిగురుతో జుట్టు పెరుగుతుందని నేను చెప్పను. దువ్వెన జారుతుంది. మనకి కావలసింది అదే.

కండిషనర్ ఏం చేస్తుందో తెలుసా? దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం, అంటే నెగటివ్ చార్జి, ఎక్కువ ఉంటుంది. కండిషనర్లో ధనావేశం, అంటే పాజిటివ్ చార్జి, ఉన్న పదార్థం ఉంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కాబట్టి అది ఎక్కడ దెబ్బ ఎక్కువుందో అక్కడే పోయి ఎక్కువ అంటుకుంటుంది. చెవుల కింది నుంచి కొసల దాకా రాయండి, మాడుకి అక్కర్లేదు.

నాలుగు పాయలు చేశాను, మూడింటికి క్లిప్పులు పెట్టాను. ఒక్క పాయే చేతిలో ఉంది. ముందు వేళ్ళు. వేళ్ళకి చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది, దువ్వెనకి తెలియదు. ఇప్పుడు పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన. ఎక్కడ మొదలుపెడుతున్నాను? నెత్తి మీద కాదు. కొస నుంచి. అడుగున రెండంగుళాలు. అది వదిలాక ఇంకో రెండంగుళాలు పైకి. ఇంకో రెండు. ఎడమచేయి చూడండి, చిక్కుకి పైన పిడికిలితో పట్టుకున్నాను. లాగుడు అంతా నా పిడికిలి దగ్గరే ఆగుతుంది, ఈ పిల్ల మాడు దాకా పోదు. వింటున్నారా? ఆ టప్ టప్ ఉందా? లేదు.

మూడు నిమిషాలు పట్టింది ఒక పాయకి. నాలుగు పాయలు పన్నెండు నిమిషాలు. "మాకు అంత టైం ఎక్కడుంది మేడం" అంటారు, నాకు తెలుసు, కాలేజీ బస్సు, టెన్షన్. రోజూ చెయ్యమనడం లేదు. తలస్నానం రోజున ఒక్కసారి ఇలా చేసి వదులుగా జడ వేసుకోండి. మిగతా రోజుల్లో కొసల్ని దువ్వే పనే లేదు. రోజూ కొసల దాకా దువ్వాలని ఎవరు చెప్పారు మనకి?

ఇక తలస్నానం. మన హాస్టళ్ళలో బోరు నీళ్ళు. బకెట్ అంచున తెల్లగా సున్నంలాగా పేరుకుంటుందే, అదే మన తల మీద కూడా కూర్చుంటుంది. మున్సిపాలిటీ కొళాయిలో కళ్యాణీ డ్యామ్ నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే ఇళ్ళవాళ్ళకి ఇంత బాధ ఉండకపోవచ్చు. ఉప్పునీళ్ళలో ఒంటి సబ్బు తలకి రుద్దితే సబ్బు నురగ రాకుండా తెట్టుగా మారి వెంట్రుకకి పట్టుకుంటుంది. సబ్బు క్షారం కూడా. పొలుసులు లేచిపోతాయి. కాబట్టి ఒంటి సబ్బు తలకి వద్దు. వద్దే వద్దు. షాంపూ అయినా మాడుకే, కొసలకి జారిపోయే నురగ చాలు. చివరి రెండు చెంబులు మాత్రం తాగే నీళ్ళు, ఫిల్టర్ నీళ్ళు పోసుకోండి. ఒక చెంబులో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకుని తర్వాత కడిగేసుకుంటే తెట్టు వదులుతుంది. చెంచా అంటే చెంచానే, కాయంతా పిండకండి.

కుంకుడుకాయ మంచిదా అంటున్నారు, ఎవరమ్మా, వెనక? మంచిదే. మన అమ్మమ్మలు వాడిందే. అందులో సహజంగా నురగనిచ్చే సాపోనిన్లు ఉంటాయి. కానీ రెండు సంగతులు. పిప్పితో పోసుకోవద్దు, వడగట్టి పోసుకోండి. ఇంకోటి, చిక్కగా పోసుకుంటే అది కూడా జుట్టుని ఎండబెడుతుంది, అందుకే వాళ్ళు ముందు నూనె పెట్టేవాళ్ళు. నూనె లేకుండా కుంకుడు పోయడం వాళ్ళ పద్ధతి కాదు, మన తొందర.

నూనె గురించి చెప్పాలి, ఇది ముఖ్యం. నూనె స్నానానికి ముందా తర్వాతా? ముందు. ఎందుకు? నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. 500 సార్లు ఉబ్బి ముడుచుకుంటే ఏమవుతుంది? తలుపు చెక్క వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుని పగులుతుంది కదా, అలాగే. కొబ్బరినూనెలో ఉండే లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననైనది, వెంట్రుక లోపలికి పోగలదు. 2003లో మన దేశం పరిశోధకులే కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. వెంట్రుక నుంచి ప్రొటీను పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. మినరల్ ఆయిల్ అంటే సీసా మీద పేరు ఏదైనా, తేలిగ్గా, వాసనగా అమ్మే నూనెల్లో చాలావాటిలో ఉండేది. వెనక్కి తిప్పి చదవండి. స్నానానికి ముందు రాత్రి, లేదంటే గంట ముందు, రెండు చెంచాల కొబ్బరినూనె కొసల నుంచి మొదలుపెట్టి రాయండి. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి రాత్రంతా ఉంచొద్దు, కొసలకే.

ఆముదం ఒంటిగా వద్దు. బంకగా ఉంటుంది, మన జుట్టులో చిక్కు పడితే విప్పడం కష్టం. కోడిగుడ్డు పెడతారు, ఆ ప్రొటీను వెంట్రుకలోకి పోదు, అంత పెద్దది. ఆ గుడ్డు తినండి.

తుడుచుకోవడం. టర్కీ తువ్వాలు వద్దు. దానికి కొక్కేల్లాగా దారాలుంటాయి, ఉంగరాలని పట్టుకుంటాయి. నాన్నగారి పాత పంచె ముక్క తెచ్చుకోండి. రుద్దొద్దు, తువ్వాలుతో విదిలించి కొట్టొద్దు. అద్దండి. పడుకునేటప్పుడు వదులుగా ఒక జడ. దిండుకి నూలు గలేబు వెంట్రుకని పీకుతుంది. కొత్తది కొనక్కర్లేదు, అమ్మ పాత పట్టుచీర, జరీ లేని చోట ఒక గజం కత్తిరించి దిండుకి కుట్టించుకోండి. మా ఇంట్లో మా అమ్మ పెళ్ళి చీర చిరిగిపోతే నాకు, మా అమ్మాయికి రెండు గలేబులు అయ్యాయి. ఏ దువ్వెనతో నన్ను ఏడిపించిందో ఆ అమ్మ చీర మీదే ఇప్పుడు నా జుట్టు భద్రంగా పడుకుంటుంది.

జడ బిగువు గురించి కూడా. రబ్బర్ బ్యాండు, కాగితాలకి వేసేది, అది తలకి వద్దు. నుదుటి దగ్గర, కణతల దగ్గర పలచబడుతోందా? అది రోజూ ఒకే వైపు బిగించి కట్టడం వల్ల కావచ్చు. కొన్నేళ్ళు అలాగే లాగితే అక్కడ కుదురే చచ్చిపోతుంది, తర్వాత మొలవదు.

స్ట్రెయిటనింగ్ గురించి అడగాలని మీరు ఎదురుచూస్తున్నారు, నాకు తెలుసు. నేనూ చేశాను. డబ్బు తీసుకునే చేశాను. మొదట్లో ఒక అమ్మాయి పెళ్ళికి ముందు రోజు వచ్చింది. జుట్టు సరిగా ఆరలేదు, ముహూర్తం తొందర, నేను ఇస్త్రీ పెట్టాను. చుయ్‌మని ఆవిరి వచ్చింది. తడి వెంట్రుకలో నీళ్ళు ఒక్కసారి ఆవిరైతే లోపల బుడగలు పుడతాయి, వెంట్రుక గుల్లవుతుంది. ఆ ఇనుము 125 డిగ్రీలున్నా ఒక్క నిమిషం పెడితే చాలు, బుడగలు వస్తాయి. మనం వాడేది 200. ఆ అమ్మాయి పదిరోజుల తర్వాత వచ్చింది, చెవి పక్కన పాయ మొత్తం వేలెడంత మిగిలింది. నన్ను ఒక్క మాట అనలేదు. అద్దంలో చూసుకుంటూ నిలబడింది. ఆ తప్పు నాది. అందుకే ఈ మాట ఎక్కడికి పిలిచినా చెప్తాను. తడి జుట్టుకి వేడి ఇనుము పెట్టనివ్వకండి, పెట్టేది నేనైనా సరే.

కెరాటిన్, స్మూతెనింగ్ అని నెలల తరబడి సాపుగా ఉంచేవి వేరు. వాటిల్లో కొన్నింట్లోంచి వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, అది క్యాన్సర్ కలిగించేది అని తేలిన పదార్థం. అది లేదు అని అమ్మేవాటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉండవచ్చు. 2024లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక అమ్మాయి గురించి రాశారు, అలాంటి క్రీముతో సెలూన్లో స్ట్రెయిటనింగ్ చేయించుకున్న ప్రతిసారీ ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. నేను నా పార్లర్లో అవి మానేశాను. రాబడి తగ్గింది. తగ్గితే తగ్గింది.

ఆ, అమ్మా, మీరు అడగండి. "కొండకి పోయి గుండు చేయిస్తే జుట్టు బాగా వస్తుందా" అంటున్నారు. మన ఊళ్ళో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మొక్కుకుంటే తప్పకుండా చేయించండి. స్వామి తలమీద దెబ్బ తగిలి జుట్టు లేనిచోట నీలాదేవి తన జుట్టు తీసి పెట్టిందని, అందుకే కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తామని మనమందరం చిన్నప్పటి నుంచి విన్నాం. అది భక్తి. మూడు కత్తెర్లు ఇచ్చినా ఆయన తీసుకుంటాడు. కానీ జుట్టు బాగుపడుతుందని పిల్లకి గుండు చేయించకండి. వెంట్రుక ఆకారం చర్మం లోపల కుదురులో ఉంటుంది, కత్తి అక్కడికి పోదు. ఉంగరాలు మళ్ళీ ఉంగరాలుగానే వస్తాయి. మొదట ఒత్తుగా ఎందుకు అనిపిస్తుంది? కొసలన్నీ మొద్దుగా తెగి ఉంటాయి, అందుకు. ఒకటి మాత్రం నిజం, ముసలి కొసలన్నీ పోయి కొత్త వెంట్రుక వస్తుంది. దాన్ని మొదటి రోజు నుంచీ జాగ్రత్తగా చూసుకుంటే అంతకుముందు కంటే బాగుంటుంది. ఆ బాగు కత్తిది కాదు, జాగ్రత్తది.

బయోటిన్ అనే విటమిన్ మాత్రల గురించి ఇంకో అమ్మాయి అడుగుతోంది. ఒంట్లో బయోటిన్ లోపం ఉంటే పనిచేస్తుంది, అది అరుదు. తెగే జుట్టుకి పనిచేయదు. పైగా అది వేసుకుంటూ థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుంటే లెక్క తప్పుగా రావచ్చు, డాక్టరుకి ముందే చెప్పండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి? కాగితం మీద బుడిపె ఉన్నవే గుప్పెళ్ళుగా కనిపిస్తుంటే. గుండ్రంగా రూపాయి బిళ్ళంత ఖాళీ పడితే. మాడు ఎర్రబడి, పుండ్లు పడితే. నెలసరి ఎక్కువై, నీరసంగా ఉండి జుట్టు రాలితే ముందు రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి. అవి నా దగ్గరికి వచ్చే పనులు కాదు, చర్మవ్యాధుల డాక్టరు పనులు.

అమ్మాయీ, నీ నాలుగు పాయలూ అయ్యాయి. జడ వదులుగా వేశాను. లేచి వెనక్కి తిరుగు, అందరూ చూస్తారు. ఎంత ఉంగరాలో చూడండి, ఎంత నల్లగా ఉందో. దువ్వెనలో వచ్చినవి ఈ కాగితం మీద వేశాను. లెక్కపెట్టమ్మా, గట్టిగా చెప్పు. పదకొండు. బుడిపె ఉన్నవి ఎన్ని? తొమ్మిది. తెగినవి రెండు. పొద్దున నువ్వు తెచ్చిన కాగితంలో తెగినవి ఎన్ని ఉన్నాయి? నలభై దాటి లెక్కపెట్టలేకపోయావా? సరే, ఆ రెండు కాగితాలూ నీ దగ్గరే ఉంచుకో.

మిగతావాళ్ళు కూడా ఈరోజు తెచ్చిన కాగితం మీద తారీఖు రాసి మడిచి పుస్తకంలో పెట్టుకోండి. ఈ శుక్రవారం తలస్నానం చేసినప్పుడు ఇలా దువ్వి ఇంకో కాగితం మొదలుపెట్టండి. వార్డెన్ మేడంని అడిగాను, నెలరోజుల తర్వాత మళ్ళీ వస్తాను. కాగితాలు తీసుకుని రండి, కూర్చుని ఒక్కొక్కరివీ చూస్తాను. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనలు ఆ బల్ల మీద ఉన్నాయి, పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.